పోలిక తెగని ఊరు

గుండ్లమెట్టలో ఫోను మాట్లాడాలంటే మంచినీళ్ళ ట్యాంకు ఎక్కాలి. అడుగు మెట్టు మీద సిగ్నలు ఉండదు. సగం దాకా పోయి, రెయిలింగు పట్టుకుని తూర్పుకు కాస్త ఒరిగితే అవతలి మనిషి గొంతు వినపడుతుంది. ఇంకా పైకి పోతే మళ్ళీ మాయం. ఆ సగం మెట్టు దగ్గర ఊరంతా వంతులేసుకుని నిలబడి, మిర్చి ధర దగ్గర్నుంచి మేనకోడలి కాన్పు దాకా అన్నీ కనుక్కునేది. అందుకే ఆ ఊళ్ళో ఇంటిగుట్టు అనే మాటకి చోటు లేకుండా పోయింది.

ఆ మెట్టు మీద అందరికంటే ఎక్కువసేపు ఉండేది తిరపతమ్మ. ఆమెది మగ్గం పని. జాకెట్టు గుడ్డని చెక్క చట్రానికి బిగించి, దాని మీద పూసలూ జరీ కుడుతుంది. ఆమె వసారాలో నాలుగు చట్రాలు, వాటి చుట్టూ కూర్చుని కుట్టే ఆడవాళ్ళు ఎనిమిది మంది. పట్నంలో బట్టల కొట్టు నడిపే రజని మేడం ఆర్డర్లు ఇస్తుంది. ఇవ్వడం బాగానే ఇస్తుంది గానీ, ఈ కాలం పెళ్ళికూతుళ్ళకి ఓపిక తక్కువ. కుడుతుండగానే వీడియోలో చూపించమంటారు. ఆకుపచ్చ ఇంకాస్త ముదరాలంటారు. కుట్టడం పూర్తయిన నెమలి అటు తిరిగి ఉంటే బాగుండేదంటారు. తిరపతమ్మ చట్రాన్ని ట్యాంకు మెట్ల మీదికి మోసుకుపోయి, గాలికి గుడ్డ లేవకుండా మోకాలితో అదిమిపెట్టి, ఒక చేత్తో ఫోను పట్టుకుని నెమలిని చూపించేది. అవతల వాళ్ళకి నెమలి కనిపించేది కాదు, వెనకాల వంతు కోసం నిలబడ్డ సాంబయ్య మీసాలు కనిపించేవి.

రజని మేడం చివరికి తేల్చి చెప్పింది. శ్రావణమాసం పెళ్ళిళ్ళ లోపల ఇంట్లో కూర్చుని చూపించే ఏర్పాటు ఉంటే సరే, లేకపోతే పట్నం వచ్చి పని చెయ్యమంది. తిరపతమ్మ మొగుడు బ్రహ్మయ్య ట్రాక్టరు తోలుతాడు. మెతక మనిషి. అతను పట్నంలో ఒక గది చూసి వచ్చాడు కూడా.

"ఎంత గదయ్యా?" అని అడిగింది తిరపతమ్మ.

"చట్రం ఒకటి పడుద్ది. చట్రం వేశాక మనం గోడవారగా నిలబడాల."

"మరి ఈ ఎనిమిది మందీ?"

బ్రహ్మయ్య ట్రాక్టరు కడగడానికి పోయాడు. తిరపతమ్మకి ఊరు వదలడం సుతరామూ ఇష్టం లేదు. తను వెళ్ళిపోతే ఆ ఎనిమిది మందీ మళ్ళీ మిరపకోతలకి పోవాలి. వాళ్ళలో సగం మందికి సూది పట్టడం నేర్పింది తనే.

రాక రాక ఆ ఎండాకాలంలోనే ఊరికి ఇంటర్నెట్టు వచ్చింది. అదీ ఒకటి కాదు, మూడు. స్తంభాల మీద తీగ లాగి ఇచ్చేది ఒకటి. మెట్ట మీద టవరు కట్టి గాలిలో పంపేది ఒకటి. మిద్దె మీద గొడుగు బోర్లించి ఆకాశం నుంచి దింపేది ఒకటి. ఊరివాళ్ళు వాటి అసలు పేర్లు పలకలేక తీగ నెట్టు, గాలి నెట్టు, గొడుగు నెట్టు అని పెట్టుకున్నారు. తిరపతమ్మ ముందు కనిపించిన తీగ కుర్రాణ్ణి పిలిచింది. అతను స్తంభమెక్కి తీగ ఆమె చూరు దాకా లాగాడు. ఇంకో మూరెడు లాగితే ఇంట్లోకి వచ్చేది. ఆ మూరెడు దగ్గర ప్రభుత్వం వచ్చి పడింది.

సంగతేమిటంటే, పైన ఎవరో పెద్దాయన ఏదో సదస్సుకి వెళ్ళాడు. పల్లె జనం ఏ వస్తువునీ పోల్చి చూడకుండా తీసేసుకుంటున్నారని అక్కడ విని చాలా బాధపడ్డాడు. ఆ బాధలోంచి 'సరిపోల్చి స్వీకరించు' అనే ఉద్యమం పుట్టింది. ఉద్యమానికి ఒక పాట, ఒక తక్కెడ బొమ్మ, మండలానికొక ప్రత్యేకాధికారి ఏర్పాటయ్యారు. గుండ్లమెట్టకి వచ్చిన అధికారి పేరు పరాంకుశరావు. ఆయన ఇంటి దగ్గర కూరలో ఉప్పు ఎక్కువైందని కూడా పూర్వాపరాలు పేర్కొనకుండా చెప్పడని ఆయన డ్రైవరు చెప్పేవాడు.

ఆయన స్తంభం కింద నిలబడి తీగ కుర్రాణ్ణి దిగమన్నాడు.

"అమ్మా, పోల్చకుండా పొందిన సౌకర్యం సౌకర్యం కాదు. అది కేవలం యాదృచ్ఛికం" అన్నాడు తిరపతమ్మతో. "మూడు సేవల తులనాత్మక నిర్ధారణ ముగిసే పర్యంతం గ్రామమందు ఏ గృహమూ ఏ సేవనూ స్వీకరించరాదు."

"ఒకటి పెట్టిచ్చుకుని చూత్తానండి. బాగుంటే ఉంచుతా, బాలేకపోతే పీకిచ్చి ఇంకోటి పెట్టిత్తా."

"అది అనుభవం అవుతుంది" అన్నాడాయన జాలిగా. "అనుభవానికి మన పథకంలో కాలమ్ లేదు."

మర్నాడు బడి వరండాలో గ్రామసభ పెట్టారు. పోలిక స్థానిక సంప్రదాయాన్ని అనుసరించి జరగాలని నిబంధనల్లో ఉందట. "మీ గ్రామంలో ఏది మెరుగో తేల్చవలసి వస్తే అనాదిగా అనుసరిస్తున్న విధానమేది?" అని అడిగాడు పరాంకుశరావు.

సర్పంచి పోలేరయ్యకి ఆ ప్రశ్న అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక ముఖం వెలిగిపోయింది. ఆయనకి పందెపు ఎడ్లున్నాయి. పిల్లల పుట్టినరోజులు గుర్తుండవు గానీ ఏ ఎద్దుకి ఏ పన్ను ఎప్పుడు వచ్చిందో అడగ్గానే చెప్తాడు.

"మాకు తెలిసింది ఒకటేనండి. బండ కట్టి లాగిత్తాం. ఏ జత ఎక్కువ దూరం లాగితే అది గెలిచినట్టు."

పరాంకుశరావు పరవశించిపోయాడు. బండలాగుడు పందాల నియమాలన్నీ చెప్పించుకుని, ఒక్కటీ వదలకుండా తన భాషలోకి మార్చి, పైకి పంపి, ఆమోదం తెప్పించాడు. ఆ ఊరి నియమాల్లో రెండు మిగతా ఊళ్ళలో లేనివి ఉన్నాయి. ఒకటి, బరిలో దిగిన జత తీర్పు వచ్చేదాకా బరి వదలకూడదు. రెండోది, ఎవరైనా అభ్యంతరం చెప్తే, చెప్పినవాడి సొంత కళ్ళంలో పందెం మళ్ళీ మొదట్నుంచీ జరగాలి. ఆ రోజు ఎడ్లకి మేత కూడా అతనే పెట్టాలి. ఊరికే నోరు పారేసుకునేవాళ్ళని ఆపడానికి పూర్వీకులు పెట్టిన నియమం అది. గుండ్లమెట్ట వాళ్ళ రోషం పూర్వీకుల అంచనాకి అందలేదు. మేత పెట్టడానికి వెనకాడిన మగాడు ఆ ఊళ్ళో ఇంతవరకు పుట్టలేదు.

పందెం బడి ఆవరణలో జరిగింది. ముగ్గులు పోశారు. మూడు కంపెనీల వాళ్ళూ తమ డబ్బాలతో వచ్చారు. డబ్బాలకి పసుపు రాసి బొట్లు పెట్టారు. పోలేరయ్య తమ్ముడి పెళ్ళి వీడియోని బండగా నిర్ణయించారు. ఆ పెళ్ళిలో వడ్డనలే ఒక పూట ఉన్నాయి గనక అంతకంటే బరువైనది ఇంటర్నెట్టులో ఇంకోటి ఉండదని ఊరివాళ్ళ నమ్మకం.

పోలేరయ్య మామూలు ప్రకారం "ఎన్ని పళ్ళు?" అని అడిగాడు. తీగ కంపెనీ మనిషి బిత్తరపోయి నోరు తెరిచాడు. పందాల్లో ఎడ్లని పళ్ళ లెక్కన విడగొట్టి, సమ వయసు వాటినే ఒకదానితో ఒకటి పోల్చడం రివాజు. అది నిబంధనల్లోకీ ఎక్కిపోయింది. పరాంకుశరావు కళ్ళు మూసుకుని ఆలోచించి, కంపెనీ వయస్సునే దాని పళ్ళుగా భావించవలెనని వ్యాఖ్యానం ఇచ్చాడు. ఆ లెక్కన తీగది ఆరు పళ్ళ విభాగం, గాలిది నాలుగు పళ్ళ విభాగం, నిన్నగాక మొన్న పుట్టిన గొడుగుది పాలపళ్ళ విభాగం అయ్యాయి.

సాంబయ్య మైకు పట్టుకున్నాడు. పందాల సీజన్లో ఆయన గొంతు లేకపోతే ఎడ్లు కదలవని పేరు. "తీగ జత బయల్దేరిందండీ, మంగళస్నానాలు దాటిందండీ, ఎదురుకోళ్ళ కాడ కొంచెం తడబడిందండీ, పోలేరయ్య బావగారి అలకని ఒక్క లాగున లాగేసిందండీ" అంటుంటే జనం ఈలలు వేశారు. ఇంటర్నెట్టు మీద అంత శ్రద్ధ ఏ నగరంలోనూ ఎవరూ చూపించి ఉండరు.

మూడు విభాగాల్లో మూడూ ఒంటరిగానే లాగాయి కాబట్టి మూడింటికీ మొదటి బహుమతి వచ్చింది. దండలు వేశారు. తిరపతమ్మ జనంలోంచి అడిగింది.

"ఇప్పుడు ఏది పెట్టిచ్చుకోవాలండి?"

"ఫలితం సర్వోత్కృష్టంగా ఉంది. నిర్ధారణ మాత్రం జరగలేదు" అన్నాడు పరాంకుశరావు. "ఇక మూడింటినీ ఒకే గృహంలో, సమాన పరిస్థితుల్లో పరీక్షించవలసి ఉంది."

తీగ ఎలాగూ తిరపతమ్మ చూరు దాకా వచ్చి ఉంది. ఆమె మిద్దె మీద గొడుగుకి చోటుంది. పైనుంచి టవరు కనిపిస్తుంది. అందుకని ఆమె ఇంటికి 'పరీక్షా గృహము' అని బోర్డు కొట్టి మూడు నెట్లూ పెట్టారు. పరీక్ష కాబట్టి పైకం పుచ్చుకోకూడదు. కళ్ళం ఆమెది గనక ఆమె పెట్టవలసిన మేతల్లా డబ్బాలకి కరెంటు, చూడటానికి వచ్చిన మనుషులకి టిఫిను.

తిరపతమ్మ రొట్టె విరిగి నేతిలో పడింది. వసారాలో చట్రం ముందు కూర్చుని ఫోను స్టాండుకి తగిలిస్తే చాలు, పెళ్ళికూతుళ్ళు సూది మొన కూడా చూస్తున్నారు. నెమలిని కుట్టకముందే ఎటు తిప్పాలో చెప్పేస్తున్నారు. రజని మేడం పట్నం మాట ఎత్తడం మానేసింది. వసారాలో ఇంకో రెండు చట్రాలు పడ్డాయి. బ్రహ్మయ్య ట్రాక్టరు తోలుతూ పాటలు పాడుకుంటున్నాడు, అతని పాట వినలేక ఇద్దరు రైతులు వేరే ట్రాక్టరు మాట్లాడుకున్నారు.

పది రోజులు పోయాక పరాంకుశరావు చిరునవ్వుతో వచ్చాడు. పరీక్ష ముగిసిందని, వచ్చేవారం గెలుపు ప్రకటిస్తానని చెప్పాడు.

"ఏదైతే మాత్రం ఏందండి, అదే మా ఇంట్లో ఉంచేద్దురు" అంది తిరపతమ్మ.

"ఆ అవకాశం మీకు లేదు" అన్నాడాయన టిఫిను ముగించి చెయ్యి కడుక్కుంటూ. "పరీక్షా గృహం ఫలితం వలన లబ్ధి పొందడం నిష్పాక్షికతకు భంగకరం. అందుచేత గెలుపు ప్రకటించిన నాటినుంచి ఆ గృహానికి అయిదేళ్ళు ఏ సేవా ఇవ్వరాదు."

ఆయన వెళ్ళాక తిరపతమ్మ చట్రం దగ్గర కూర్చుందే గానీ సూది నడవలేదు. కాసేపటికి లేచి కొంగు దోపుకుని తిన్నగా పోలేరయ్య పశువుల కొట్టం దగ్గరికి పోయింది. ఆయన ఎద్దుకి నూనె మర్దనా చేస్తున్నాడు.

"బాబాయ్, నిన్నొకటి అడుగుతా, కోప్పడమాక. మీ ఎడ్లు ఓడిపోయేట్టు ఉంటే ఏం జేత్తావు?"

"ఓడిపోవటమేందమ్మాయ్" అన్నాడు పోలేరయ్య చెయ్యి ఆపి. "మనూరి ఎడ్లు ఎన్నడన్నా ఓడినయ్యా? తీర్పు రాలేదంతే. మా నాయన హయాంలో ఉగాదికి కట్టిన పందెం ఏరువాక దాకా తెగలా. ఒకడు నేల వాలుందన్నాడు, ఒకడు బండ నునుపుగా ఉందన్నాడు, ఒకడు కాకి అడ్డమొచ్చిందన్నాడు. ఊళ్ళో కళ్ళాలన్నీ అయిపోయినయ్. ఆఖరికి వానపడి అందరూ దున్నుకోటానికి పోయారు."

చెప్తూ చెప్తూ ఆగిపోయాడు. తిరపతమ్మ మొహంలోకి చూశాడు. ఎద్దు కూడా ఇటు తిరిగింది.

"నేను నోరు తెరవకూడదు బాబాయ్, నాది పరీక్ష కొంప" అంది తిరపతమ్మ. "మీది రేకుల ఇల్లు గందా."

మర్నాడు పోలేరయ్య అభ్యంతరం చెప్పాడు. తిరపతమ్మది స్లాబు ఇల్లు, రేకుల కింద ఏ నెట్టు ఎంత లాగుద్దో తేలకుండా తీర్పు ఎట్టా చెప్తారని అడిగాడు. నియమం నియమమే. మూడు నెట్లూ పోలేరయ్య ఇంట్లో దిగాయి. తీర్పు రాలేదు గనక తిరపతమ్మ ఇంట్లోవి కూడా బరి వదలడానికి వీల్లేదు.

ఇక ఊరు అందుకుంది. పెంకుటింటి వాళ్ళు పెంకుల సంగతి తేల్చమన్నారు. రెండు గేదెలున్న ఇంటి వాళ్ళు గేదెల మధ్య నెట్టు నిలబడుతుందా అని అడిగారు. అత్తాకోడళ్ళు మాట్లాడుకోని ఇంట్లో ఒక గదిలోంచి ఇంకో గదికి సిగ్నలు పోతుందో లేదో చూడాలని కోడలు రాసిస్తే, అందుకు అత్త సంతకం పెట్టింది. ఆ ఇంట్లో మూడేళ్ళలో అదే మొదటి సయోధ్య. సాంబయ్య తన గొంతు పెద్దది కాబట్టి నెట్టు దడుసుకుంటుందేమో పరీక్షించాలన్నాడు.

పరాంకుశరావు ఆనందానికి హద్దుల్లేవు. "ఏ గ్రామంలోనూ ఇట్టి తులనాత్మక జిజ్ఞాస కానరాలేదు" అని నివేదికలు పంపాడు. గుండ్లమెట్ట పేరు పైన మోగిపోయింది. కంపెనీల వాళ్ళకి మాత్రం ఏడవలేక నవ్వులాట అయింది. ఎవరు ముందు తప్పుకుంటే వాళ్ళు ఓడినట్టు, కాబట్టి ఎవరూ తప్పుకోలేదు. ఆషాఢం వచ్చేసరికి ఊళ్ళో ఇంటింటికీ మూడు నెట్లు ఉన్నాయి. కుళాయి నీళ్ళు మాత్రం రోజు మార్చి రోజే వచ్చేవి.

పక్క ఊరు బుద్ధిమంతుల ఊరు. వాళ్ళు ఒక్క వారంలో పోలిక ముగించి, ఏకగ్రీవంగా ఒకటి ఎంచుకుని, చప్పట్లు కొట్టి, దరఖాస్తు పెట్టారు. అది పరిశీలనలో ఉంది. ఆ ఊరివాళ్ళు సాయంత్రాలు సైకిళ్ళేసుకుని వచ్చి గుండ్లమెట్ట అరుగుల మీద కూర్చుని ఫోన్లు చేసుకుని పోయేవారు.

ఎంత రోషమున్న ఊరికైనా ఇళ్ళకి లెక్కుంటుంది. శ్రావణం ముందర చివరి అభ్యంతరం కూడా అయిపోయింది. బడి, పాలకేంద్రం, ఆఖరికి మంచినీళ్ళ ట్యాంకు సగం మెట్టు కూడా పరీక్ష స్థలాలయ్యాయి. పరాంకుశరావు షామియానా వేయించి, ఊరందరినీ పిలిచి, గెలుపు ప్రకటిస్తానని కవరు పట్టుకుని నిలబడ్డాడు. ఏది గెలిచినా ఒకటే. ఇప్పుడు ఊళ్ళో ప్రతి ఇల్లూ పరీక్షా గృహమే గనక, గెలిచిన నెట్టు ఊళ్ళో ఎవరికీ ఇవ్వకూడదు. ఈ సంగతి ఆయనకీ తెలుసు. ప్రసంగంలో దాన్ని 'పరిపూర్ణ నిష్పాక్షికత' అని వర్ణించాడు.

"ఇంకెవరికైనా అభ్యంతరం కలదా?" అని అడిగాడు.

పోలేరయ్య తల దించుకున్నాడు. సాంబయ్య మైకు ఆపేశాడు. తిరపతమ్మ వెనక్కి తిరిగి చూసింది. ఆమె దగ్గర కుట్టే ఆడవాళ్ళంతా ఒకే వరుసలో కూర్చుని ఉన్నారు, ఇప్పుడు పన్నెండు మంది. వాళ్ళ చూపు కవరు మీద లేదు, తన మీద ఉంది. నోరు తెరవకూడదని తెలిసీ లేచింది.

"అభ్యంతరం కాదండి, అజ్ఞానం కొద్దీ అడుగుతున్నా. మూడిట్నీ ఒకదాంతో ఒకటి పోల్చారు, బాగుంది. అసలు ఏ నెట్టూ లేకపోతే ఎట్టా ఉంటదో, దాంతో పోల్చారా?"

"మాకు తెలుసు గందా" అని ఎవరో గొణిగారు.

"అది అనుభవం అవుద్దిరా" అంది తిరపతమ్మ.

పరాంకుశరావు చేతిలో కవరు కిందికి దిగింది. ఆయన కళ్ళు సగం మూసుకుపోయాయి. పళ్ళ వ్యాఖ్యానం నాడు వచ్చిన కళే ముఖంలోకి మళ్ళీ వచ్చింది.

"శూన్యస్థితి" అన్నాడు నెమ్మదిగా. "శూన్యస్థితితో తులనం. ఇది రాష్ట్రంలో ఎవరికీ తట్టలేదు. అమ్మా, మీరు అజ్ఞానం కొద్దీ అన్నారు కనుక ఇది మీ అభ్యంతరంగా పరిగణింపబడదు. దీన్ని నా అభ్యంతరంగా నమోదు చేస్తున్నాను."

పోలేరయ్య తల ఎత్తాడు. చిన్నప్పటి నుంచి చూసిన పందాలన్నీ ఆయన గొంతులోకి వచ్చాయి.

"అయితే కళ్ళం కూడా తమదేనండి" అన్నాడు.

నియమం నియమమే. ఆ సాయంత్రమే మండలంలో పరాంకుశరావు కార్యాలయానికి ఇంటర్నెట్టు కోసేసి, 'శూన్యస్థితి పరీక్షా స్థలము' అని బోర్డు కట్టారు. ఆ పరీక్ష ఎప్పుడు ముగిసిందో తేల్చే ఉత్తర్వు ఆ కార్యాలయం నుంచే, ఇంటర్నెట్టు ద్వారానే రావాలి. అక్కడ ఇంటర్నెట్టు లేదు. ఇస్తే శూన్యస్థితి చెడుతుంది.

పరాంకుశరావు ఇప్పుడు రోజూ పొద్దున్నే ఫైళ్ళు పట్టుకుని గుండ్లమెట్ట వస్తాడు. మిగతా మండలం పనులన్నీ తిరపతమ్మ వసారాలో చట్రాల పక్కన కూర్చుని చేసుకుంటాడు. తుది ఉత్తర్వు ఒక్కటి మాత్రం ఇక్కడి నుంచి పంపడు. పరీక్షా గృహం నుంచి తీర్పు పంపడం నిష్పాక్షికతకు భంగకరం. పదకొండింటికి ఆయనకి ఉప్మా పెడతారు.

శ్రావణమాసం మొదటి శుక్రవారం ఒక పెళ్ళికూతురు వీడియోలో నెమలిని చాలాసేపు చూసింది. ఒక్కో పూసా లెక్కపెట్టుకోవచ్చు, అంత స్పష్టంగా ఉంది.

"అక్కా, మాకు నగరంలోనే ఇంత బాగా రాదు. మీ ఊళ్ళో ఏ నెట్టు తీసుకున్నారు?"

తిరపతమ్మ దారం పళ్ళతో తెంపి, సూదిలోకి కొత్తది ఎక్కించుకుంది.

"ఇంకా ఏదీ తీసుకోలేదమ్మా" అంది. "పోలుత్తన్నారు."